లక్షన్నర దాటిన హైబ్రిడ్ కారు: ఏ సర్వీస్ నిజంగా కావాలి, ఏది వద్దు?

ఈరోజు హిందూపురం నుంచి మాట్లాడుతున్నాను. చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో హైబ్రిడ్ కారు తీసుకున్నాం, లక్ష దాటింది, సర్వీస్‌కి ఇస్తే పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారు, అన్నీ చేయించాలా?" అని. ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పేస్తే అది అబద్ధమవుతుంది. అందుకే మా ఇంట్లో జరిగిన కథతో మొదలుపెడతాను.

మా మామది ధర్మవరం. మా అమ్మ తమ్ముడు. పట్టుచీరల వ్యాపారం. వారానికి ఒకసారైనా చీరలు వేసుకుని బెంగళూరు పోయి వస్తాడు. పోను రాను నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. డీజిల్ బండి ఖర్చు భరించలేక బెంగళూరులో ఒక హైబ్రిడ్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొన్నప్పుడు 90 వేలు తిరిగి ఉంది. ఇప్పుడు 1,52,000. ఏ కంపెనీ, ఏ మోడల్ అనేది చెప్పను. మనకు అవసరం లేదు.

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున 6 గంటలకు ఫోన్. "అల్లుడూ, పెనుకొండ దగ్గర ఉన్నా. టీ తాగుదామని ఆపితే మళ్ళీ స్టార్ట్ కావట్లేదు. డ్యాష్‌బోర్డ్ మీద దీపావళి మాదిరి లైట్లన్నీ వెలుగుతా ఉన్నాయి. ఇక్కడ అందరూ హైబ్రిడ్ బ్యాటరీ పోయిందంటున్నారు. రెండు లక్షలంట రా!"

ఆ గొంతులో భయం ఊరికే రాలేదు. ఆ నెలలోనే మా మరదలికి అనంతపురంలో ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. ఆ డబ్బు పక్కన పెట్టి ఉంది. రెండు లక్షలు బండికి పెడితే ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? నేను బైక్ తీసుకుని పెనుకొండకు పోయాను.

పెనుకొండ దాకా వచ్చాం కాబట్టి ఒక మాట. అక్కడే ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. హైవే మీద నిలబడితే ట్రైలర్ల మీద కొత్త కార్లు మన కళ్ళ ముందే పోతుంటాయి. కొత్త కారు ఏది కొనాలో చెప్పే వీడియోలు వెయ్యి ఉన్నాయి. పాత కారును ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. మన జిల్లాలో ఎక్కువమంది బతుకు పాత కారు మీదే కదా.

సరే, పెనుకొండలో ఏమైందంటే, పోయింది పెద్ద బ్యాటరీ కాదు. 12 వోల్ట్ చిన్న బ్యాటరీ. అన్ని కార్లలో ఉండే మామూలు బ్యాటరీయే. హైబ్రిడ్‌లో ఇంజన్‌ను తిప్పే పని పెద్ద బ్యాటరీ, మోటార్ చూసుకుంటాయి. కానీ కంప్యూటర్లను నిద్రలేపేది, పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేను ఆన్ చేసేది ఈ చిన్నదే. ఇది వీక్ అయితే డ్యాష్‌బోర్డ్ మీద 'రెడీ' లైట్ రాదు, సంబంధం లేని వార్నింగులన్నీ వస్తాయి. చూసేవాళ్ళకు బండి మొత్తం చచ్చిపోయినట్టే ఉంటుంది. ఓనర్ మాన్యువల్‌లో చూపించిన చోట కేబుల్స్ తగిలించి జంప్ ఇచ్చాం, రెడీ వచ్చింది. మామ ముఖంలో కూడా లైట్ వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. హైబ్రిడ్‌కి వేరే బండి నుంచి జంప్ తీసుకోవచ్చు. కానీ హైబ్రిడ్ నుంచి లారీకో, జీపుకో జంప్ ఇవ్వకండి. దాని 12 వోల్ట్ సిస్టమ్ అంత కరెంట్ ఇవ్వడానికి తయారు చేసింది కాదు.

కథ అక్కడితో ఆగలేదు. ఎలాగూ బండి ఆగింది కదా అని మామ ఒక సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాడు. పేరు వద్దు. వాళ్ళు 12 లైన్ల ఎస్టిమేట్ ఇచ్చారు. మొత్తం 49,900 రూపాయలు. కింద ఒక మాట కూడా చెప్పారంట: "లక్షా అరవై వేలకు హైబ్రిడ్ బ్యాటరీ ఎలాగూ పోతుంది సార్, ఆ లోపల అమ్మేసేయండి." మామకు రాత్రంతా నిద్ర లేదు. మరుసటి రోజు ఆ కాగితం నా ముందు పెట్టి, "చూడబ్బా, ఇందులో నిజం ఎంత?" అన్నాడు.

ముందు ఆ లక్షా అరవై వేల సంగతి తేల్చేద్దాం. ఆ నంబర్ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? టయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది. అది కంపెనీ బాధ్యత ఆగే చోటు. బ్యాటరీ ఆగే చోటు కాదు. ధర్మవరంలో చీర కొంటే షాపాయన జరీకి ఏడాది గ్యారంటీ ఇచ్చాడనుకోండి, 366వ రోజు చీర చిరిగిపోతుందా?

దీనికి బయటి ప్రపంచంలో మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక ఉంది, వస్తువులను సొంతంగా కొని పరీక్షిస్తుంది. వాళ్ళు 2011లో 2 లక్షల మైళ్ళు దాటిన 2002 మోడల్ ప్రియస్ తీసుకుని పరీక్షించారు. మన లెక్కలో 3 లక్షల కిలోమీటర్ల పైన. పాత బ్యాటరీయే. కొత్త ప్రియస్‌ను 2001లో పరీక్షించినప్పుడు గాలన్‌కు 40.6 మైళ్ళు వచ్చింది. ఈ ముసలి బండికి 40.4 వచ్చింది. అంటే రెండింటికీ లీటరుకు 17 చిల్లర. తేడా లేనట్టే. ఒక్క కారును చూసి అన్ని కార్లూ అంతే అనలేం, అక్కడి ఎండ వేరు, మన ఎండ వేరు. కానీ "లక్షా అరవై వేలకు ఎలాగూ పోతుంది" అన్న మాట మాత్రం నిలబడదు.

అయితే వారంటీ గీత దాటబోతున్నవాళ్ళు ఒక పని తప్పకుండా చేయాలి. గీత దాటకముందే కంపెనీ వర్క్‌షాప్‌లో హైబ్రిడ్ బ్యాటరీ హెల్త్ చెక్ చేయించి, రిపోర్ట్ కాగితం మీద తీసుకోండి. స్కానర్ పెడితే బ్యాటరీలోని ఒక్కో బ్లాక్ వోల్టేజ్ ఎంతో, వాటి మధ్య తేడా ఎంతో, వేడి ఎంతో కనిపిస్తుంది. తేడా ఉంటే వారంటీ ఉన్నప్పుడే బయటపడుతుంది. 1,61,000లో బయటపడితే ఆ ఖర్చు మీదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు కూడా వారంటీ తమకు వర్తిస్తుందా అని అడిగి, రాసి తీసుకోండి.

ఇప్పుడు ఎస్టిమేట్‌కి వద్దాం. ప్రతి లైన్‌కీ మూడు ప్రశ్నలు వేయాలి. ఇవి గుర్తుంటే మిగతా వీడియో మర్చిపోయినా పర్లేదు.

ఒకటి: నా బండి పుస్తకంలో, అంటే ఓనర్ మాన్యువల్‌లో, ఈ పని ఉందా? ఉంటే ఎన్ని కిలోమీటర్లకు?

రెండు: దీన్ని కొలవొచ్చా? కొలిచి చూపిస్తారా?

మూడు: ఇది చేయించకపోతే ఏం చెడిపోతుంది, ఆ చెడిపోయేదాని ఖర్చెంత?

ఈ ప్రశ్నలు వేసే ముందు మీది ఏ రకం హైబ్రిడ్డో చూసుకోండి. మన దగ్గర ఎర్టిగా, బ్రెజా లాంటి చాలా బండ్ల మీద 'స్మార్ట్ హైబ్రిడ్' అని ఉంటుంది. అవి మైల్డ్ హైబ్రిడ్. అందులో స్టార్టర్, జనరేటర్ రెండూ కలిసిన మోటార్ ఒక బెల్ట్‌తో ఇంజన్‌కు కలిసి ఉంటుంది. ఆ బెల్ట్ చూసుకోవాలి, మిగతాదంతా మామూలు పెట్రోల్ బండి సర్వీసే. ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారాలో పై మోడళ్ళు, హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ, ఇవి స్ట్రాంగ్ హైబ్రిడ్. కొంత దూరం ఇంజన్ ఆపేసి కరెంట్ మీద నడుస్తాయి. ఈరోజు నేను చెప్పేది వీటి గురించే.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కొన్ని పార్టులు అసలు ఉండవు. టయోటా తరహా హైబ్రిడ్ తీసుకుంటే విడిగా స్టార్టర్ మోటార్ లేదు, విడిగా ఆల్టర్నేటర్ లేదు, క్లచ్ ప్లేట్ లేదు. ఏసీ కంప్రెసర్ కరెంట్ మీద తిరుగుతుంది. అంటే పాత డీజిల్ బండిలో లక్షన్నర దగ్గర జేబుకు చిల్లు పెట్టే క్లచ్ పని ఇక్కడ లేదు. మీ బిల్లులో "క్లచ్ అడ్జస్ట్‌మెంట్" అని కనిపిస్తే, ఆ బిల్లు రాసినాయన మీ బండి బానెట్ ఎత్తలేదని అర్థం.

ఇక మామ ఎస్టిమేట్ లైన్ లైన్‌గా చూద్దాం. అంకెలన్నీ ఆ ఒక్క కాగితంలోవి. మీ బండికి, మీ ఊరికి వేరేగా ఉండొచ్చు.

మొదటిది ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, 4,800. ఇది కావాలి. ఇందులో బేరం లేదు. "సగం దూరం కరెంట్ మీదే పోతుంది కదా, ఆయిల్ రెట్టింపు దూరం వస్తుంది" అని కొందరు అంటారు. తప్పు. ఇంజన్ మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలవుతుంది, చిన్న చిన్న ట్రిప్పుల్లో సరిగ్గా వేడెక్కదు. పుస్తకంలో 10,000 అని ఉంటే 10,000కే మార్చండి, ఏడాది అని ఉంటే ఏడాదికే మార్చండి. పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించండి. హైబ్రిడ్‌లకు చాలావరకు బాగా పల్చటి ఆయిల్ ఉంటుంది. "మన ఎండకు చిక్కటిది మంచిది సార్" అంటే, "పుస్తకంలో ఉన్నదే పోయండి" అని చెప్పండి.

రెండోది ఇంజన్ ఫ్లష్, 1,400. పుస్తకంలో ఉందా? లేదు. కొలిచి చూపించారా? లేదు. కొట్టేశాం.

మూడోది ఇంజెక్టర్, థ్రాటిల్ క్లీనింగ్, 3,600. ఇంజన్ వణుకుతోందా? లేదు. చెక్ ఇంజన్ లైట్ ఉందా? లేదు. లక్షణం లేకుండా మందు ఎందుకు? కొట్టేశాం.

నాలుగోది బ్రేక్ ప్యాడ్లు, ముందువి వెనకవి, 9,200. ఇక్కడే హైబ్రిడ్ గొప్పదనం. మీరు బ్రేక్ తొక్కినప్పుడు ముందు మోటార్ జనరేటర్‌లా మారి బండిని నెమ్మది చేస్తుంది, ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది. ప్యాడ్లకు పని తక్కువ. అందుకే చాలాకాలం వస్తాయి. "చక్రం విప్పి కొలవండి" అన్నాం. ముందు ప్యాడ్లు 7 మిల్లీమీటర్లు ఉన్నాయి. ఇంకా చాలా దూరం వస్తాయి. మార్చే పని లేదు.

కానీ ఆగండి. వెనక ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ 4, బయటి ప్యాడ్ 7. ఒకే చక్రంలో ఇంత తేడా ఎందుకు? క్యాలిపర్ కదిలే పిన్నులు బిగుసుకుపోయాయి. హైబ్రిడ్‌లో బ్రేక్ తక్కువ వాడతాం కాబట్టి అరగడం తక్కువ, కానీ తుప్పు, దుమ్ము పట్టి బిగుసుకోవడం ఎక్కువ. దానికి ప్యాడ్లు మార్చడం కాదు, పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి. అది చేయించాం, 1,200. చూశారా, కొలిస్తే 9,200 పని 1,200 అయ్యింది. కొలవకుండా "హైబ్రిడ్ కదా, బ్రేకులు చూడనవసరం లేదు" అనుకుని వదిలేసి ఉంటే ఆ పిన్నే ప్రమాదం తెచ్చేది.

ఐదోది బ్రేక్ ఫ్లూయిడ్, 1,500. ఇది కావాలి. బ్రేక్ తొక్కినా తొక్కకపోయినా ఆ ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటుంది. పీల్చుకుంటే దాని మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. నిండా లోడుతో ఘాట్ దిగుతున్నప్పుడు బ్రేక్ మెత్తబడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. సాధారణంగా రెండేళ్ళకోసారి, లేదా పుస్తకంలో చెప్పినట్టు. ఒక్కటే షరతు: చాలా హైబ్రిడ్‌లలో బ్రేక్ సిస్టమ్ ఎలక్ట్రానిక్, స్కానర్ పెట్టి గాలి తీయాలి. పాత పద్ధతిలో పెడల్ పంప్ చేసే చోట ఇవ్వకండి.

ఆరోది కూలెంట్, 3,400. హైబ్రిడ్‌లో ఇంజన్‌కు ఒక కూలెంట్ ఉంటుంది, ఇన్వర్టర్‌కు విడిగా ఇంకొకటి ఉంటుంది. రెండు ట్యాంకులూ చూడాలి. ఇన్వర్టర్ చాలా ఖరీదైన పార్టు, దాని కూలెంట్ తగ్గితే మూడో ప్రశ్నకు జవాబు భయంకరంగా ఉంటుంది. కానీ దీర్ఘకాలం వచ్చే కూలెంట్లు నిజంగానే దీర్ఘకాలం వస్తాయి. ఉదాహరణకు అమెరికాలో ప్రియస్ షెడ్యూల్ చూస్తే ఇంజన్ కూలెంట్ మొదటిసారి లక్ష మైళ్ళకు, ఇన్వర్టర్ కూలెంట్ లక్షన్నర మైళ్ళకు. అంటే 1,60,000, 2,40,000 కిలోమీటర్లు. మామ బండి పుస్తకంలో ఉన్న నంబర్ కూడా ఇంకా రాలేదు. రెండు ట్యాంకుల్లో లెవెల్ సరిగ్గా ఉంది, రంగు శుభ్రంగా ఉంది. వాయిదా వేశాం, తర్వాత ఎప్పుడు మార్చాలో డైరీలో రాశాం. ఒక విన్నపం: లెవెల్ తగ్గిందని దారిలో బోరు నీళ్ళు పోయకండి. మన అనంతపురం వైపు నీళ్ళలో ఉప్పు ఎంతో మన బకెట్లకు పట్టిన తెల్ల పొరను చూస్తే తెలుస్తుంది. అదే పొర లోపల కూడా పడుతుంది.

ఏడోది ట్రాన్సాక్సిల్ ఆయిల్, 5,200. ఇది గేర్‌బాక్స్, మోటార్లు కలిసి ఉండే పెట్టెలోని ఆయిల్. కొందరు "లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు" అంటారు. ఎవరి లైఫ్‌టైమ్? మామ బండి బరువుతో, ఎండలో, హైవే మీద లక్షన్నర తిరిగింది. ముందు ఓనర్ మార్చినట్టు రికార్డ్ లేదు. పెట్టె లోపల మోటార్లను చల్లబరిచేది కూడా ఆ ఆయిలే. 5,200 ఒకవైపు, ఆ పెట్టె ఖరీదు ఇంకోవైపు. చేయించాం. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే పోయించాం.

ఎనిమిదోది ఏసీ శానిటైజింగ్, 1,800. క్యాబిన్ ఫిల్టర్ మనమే తీసి దులుపుకోవచ్చు, బాగా పాడైతే కొత్తది వేసుకోవచ్చు. కొట్టేశాం. కానీ ఏసీ గురించి ఒక ముఖ్యమైన మాట. హైబ్రిడ్ ఏసీ కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది. దాంట్లో కరెంట్ లీక్ కాని ప్రత్యేకమైన ఆయిల్ ఉంటుంది. రోడ్డు పక్క ఏసీ షాపులో గ్యాస్ నింపేటప్పుడు మామూలు కార్ల ఆయిల్ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని బండి మొత్తం ఆగిపోవచ్చు. ఏసీ గ్యాస్ మాత్రం హైబ్రిడ్ తెలిసిన చోటే నింపించండి.

తొమ్మిదోది స్పార్క్ ప్లగ్‌లు, 4,400. ఇక్కడ నేను తప్పు చేశాను, ఒప్పుకుంటాను. "ఇరిడియం ప్లగ్‌లు కదా, ఇంజన్ సగం దూరమే నడిచింది కదా, వద్దు" అన్నాను. హిందూపురంలో నాకు తెలిసిన మెకానిక్ అన్న ఉన్నాడు. ఒక ప్లగ్ విప్పి నా చేతిలో పెట్టి, "గ్యాప్ కొలువు తమ్ముడూ" అన్నాడు. కొలిస్తే పరిమితి దాటేసింది. నేనే మీకు కొలవమని చెప్తూ, నేనే కొలవకుండా మాట్లాడాను. మార్పించాం.

పదోది వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, 1,600. టైర్లు లోపలి అంచున అరిగి ఉన్నాయి, కంటికే కనిపిస్తోంది. చేయించాం.

పదకొండోది "హైబ్రిడ్ బ్యాటరీ రీకండిషనింగ్", 8,500. నాకు కోపం వచ్చిన లైన్ ఇదే. స్కాన్ రిపోర్ట్ ఏది అని అడిగితే లేదన్నారు. పరీక్ష చేయకుండా ఆపరేషన్ చేస్తారా ఎవరైనా? పైగా వారంటీ ఉన్న బ్యాటరీని బయటివాళ్ళు విప్పితే కంపెనీ వాళ్ళు వారంటీ ఇవ్వమనే అవకాశం ఉంది. ముట్టుకోనివ్వలేదు. కంపెనీ వర్క్‌షాప్‌లో హెల్త్ చెక్ చేయించాం, బ్లాకుల మధ్య తేడా పరిమితిలోనే ఉంది.

పన్నెండోది కింది భాగానికి కోటింగ్, 4,500. సముద్రం పక్కన ఊరైతే ఆలోచించేవాణ్ణి. వానలు తక్కువ పడే మన సీమలో, తుప్పు కనిపించని బండికి అవసరం లేదు. కొట్టేశాం.

ఇప్పుడు అసలు విషయం. ఆ 12 లైన్లలో రెండు పనులు లేనే లేవు. నిజంగా కావలసినవి అవే.

ఒకటి 12 వోల్ట్ బ్యాటరీ. పెనుకొండలో బండిని ఆపింది అదే కదా! లోడ్ టెస్టర్ పెడితే ఫెయిల్. కొత్తది 6,500.

రెండోది, పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి దారి. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీకి ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది కారు లోపలి ఏసీ గాలినే పీల్చి బ్యాటరీని చల్లగా ఉంచుతుంది. పీల్చే జాలీ చాలా కార్లలో వెనక సీటు పక్కనో కిందో ఉంటుంది. మీ బండిలో ఎక్కడుందో పుస్తకంలో చూడండి. మామ బండిలో ఆ జాలీకి అడ్డంగా ఏముందో ఊహించండి. చీరల మూటలు! మూటలు తీసి జాలీ విప్పితే లోపల ఎర్రమట్టి దుమ్ము, దాంతో పాటు పట్టు పోగులు, నూగు మెత్తగా పరుచుకుని ఉంది. చిన్న దిండు మాదిరి. రెండేళ్ళుగా బ్యాటరీ ఆ దిండులోంచి ఊపిరి పీలుస్తోంది.

బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. ఏప్రిల్, మే ఎండలో, అద్దాలు మూసిన కారులో, ఊపిరాడని బ్యాటరీ ఎలా ఉంటుంది? అది శుభ్రం చేయడానికి 800 అయ్యింది. 8,500 పెట్టి రీకండిషనింగ్ చేస్తామన్నవాళ్ళు ఈ 800 పని చెప్పలేదు.

మొత్తం లెక్క చూడండి. ఆయిల్ 4,800, బ్రేక్ ఫ్లూయిడ్ 1,500, పిన్నుల పని 1,200, ట్రాన్సాక్సిల్ ఆయిల్ 5,200, ప్లగ్‌లు 4,400, అలైన్‌మెంట్ 1,600, చిన్న బ్యాటరీ 6,500, జాలీ శుభ్రం 800. మొత్తం 26,000. 49,900 కాగితం 26,000 అయ్యింది. ఇక్కడ గెలుపు 23,900 మిగలడం ఒక్కటే కాదు. ఆ 49,900 మొత్తం కట్టి ఉంటే కూడా చిన్న బ్యాటరీ పాతదే ఉండేది, జాలీ మూసుకునే ఉండేది. డబ్బు పోయి, జబ్బు మిగిలేది.

దీన్ని బట్టి "సర్వీస్ సెంటర్లన్నీ దొంగలు" అనుకోకండి. అది నేను చెప్పట్లేదు. ప్లగ్‌ల విషయంలో వాళ్ళదే కరెక్ట్, నాది తప్పు. ఆయిల్, ఫ్లూయిడ్ వాళ్ళు రాసింది నిజమే. "అన్నీ చేయించు" అనేది ఎంత గుడ్డితనమో, "ఏదీ వద్దు, అంతా మోసం" అనేది కూడా అంతే గుడ్డితనం. కొలిచి చూపించమని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. విసుక్కుంటే వేరే షాపు చూసుకోండి.

మీ ఇంట్లో హైబ్రిడ్ ఉంటే ఈ ఆదివారం పావుగంటలో మీరే చేయగలిగినవి చెప్తాను. బ్యాటరీ గాలి జాలీ ఎక్కడుందో వెతకండి. దాని ముందు బ్యాగులు, దుప్పట్లు ఉంటే తీసేయండి. టైర్లలో గాలి చూడండి. రెండు కూలెంట్ ట్యాంకుల లెవెల్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, వచ్చే నెల ఫోటోతో పోల్చండి. 12 వోల్ట్ బ్యాటరీ ఎప్పుడు వేయించారో చూడండి. మూడు నాలుగేళ్ళు దాటితే టెస్ట్ చేయించండి. బండి రోజుల తరబడి వాడకపోతే వారానికోసారి రెడీలో పెట్టి కాసేపు నడపండి.

చేయకూడనివి కూడా రెండు. బానెట్ ఎత్తే ముందు బండి పూర్తిగా ఆఫ్ చేసి తాళం దూరంగా పెట్టండి. రెడీలో ఉంటే శబ్దం లేకపోయినా ఇంజన్ ఏ క్షణమైనా దానంతటదే మొదలవ్వచ్చు, వేళ్ళు జాగ్రత్త. నారింజ రంగు కేబుళ్ళు ఎక్కడ కనిపించినా ముట్టుకోకండి. అవి హై వోల్టేజ్, ప్రాణాలు తీస్తాయి. నీళ్ళ పైపు పెట్టి ఆ చుట్టుపక్కల కడగకండి.

పెద్ద బ్యాటరీ నిజంగా వీక్ అవుతుంటే ముందే గుర్తులు చూపిస్తుంది. డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ గీతలు టకటకా నిండి, టకటకా ఖాళీ అవుతాయి. వెనక ఫ్యాన్ శబ్దం పెరుగుతుంది. ట్రాఫిక్‌లో కూడా ఇంజన్ ఎక్కువసేపు నడుస్తుంది. మైలేజీ పడిపోతుంది. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించండి. అందుకే ప్రతి ట్యాంకుకీ మైలేజీ రాసి పెట్టుకోమంటాను. డైరీ ఉంటే బండి మీతో మాట్లాడుతుంది.

మామ బండికి అంతకుముందు లీటరుకు 19 దాకా పడిపోయింది, ఇప్పుడు 21 చూపిస్తోంది. ఏ పని వల్ల ఎంత పెరిగిందో విడదీసి చెప్పలేను. ప్లగ్‌లు, అలైన్‌మెంట్, టైర్ గాలి, జాలీ అన్నీ ఒకేసారి చేశాం.

మరదలి ఫీజు టైమ్‌కి కట్టేశారు. మామ ఇప్పుడు చీరల మూటలు వెనక సీటు మధ్యలోనే పెడుతున్నాడు. జాలీ మీద చిన్న కాగితం అంటించి, పైన తన చేతిరాతతో రాశాడు: "ఇక్కడ మూటలు పెట్టరాదు." మొన్న మా అత్త ఆ సీటు మీద కూరగాయల సంచి పెట్టబోతే, "ఏయ్, బండికి ఊపిరాడదు!" అని అరిచాడంట.

ఎస్టిమేట్ చేతికొస్తే ఆ మూడు ప్రశ్నలు గుర్తు చేసుకోండి: పుస్తకంలో ఉందా, కొలిచి చూపిస్తారా, చేయకపోతే ఏం పోతుంది? ఇంట్లో నాన్నకో, మామకో ఇలాంటి బండి ఉంటే, వాళ్ళు సర్వీస్‌కి పోయేటప్పుడు మీరూ పక్కన వెళ్ళండి. పెద్దవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. మనం అడుగుదాం.

ఉంటాను ఫ్రెండ్స్. జాగ్రత్తగా నడపండి.